కడ్డీ తీసే హక్కు

కార్డు కేటలాగు చూసిన తరానికి ఆ చెక్క సొరుగుల ముందున్న ఇత్తడి పిడి, దాని పైన పేరు చీటీ దూర్చే చిన్న చట్రం గుర్తుండే ఉంటాయి. సొరుగు లోపల, కార్డులన్నిటి అడుగున ఉన్న రంధ్రాల గుండా ఈ చివర నుంచి ఆ చివరకు ఒక సన్నటి కడ్డీ పోయేది. చాలామంది పాఠకులు దాన్ని గమనించి ఉండరు. ఎవరూ కార్డు ఊడబెరుక్కుపోకుండా పట్టి ఉంచడం దాని పని అని మాత్రమే అనుకునేవాళ్లం.

దానికి ఇంకో పని కూడా ఉండేది. కొత్త కార్డులను వరుసలో పెట్టడం కొత్తగా చేరిన సహాయకుల వంతు. వాళ్లు కడ్డీ తీయకూడదు. ప్రతి కార్డునూ దాని చోట, కడ్డీ మీద ఆనేలా, మిగతావాటికంటే కాస్త పైకి పొడుచుకొచ్చేలా నిలబెట్టి వదిలేయాలి. తరవాత సీనియర్ కేటలాగర్ వచ్చి సొరుగు తరవాత సొరుగు లాగి, పైకి తేలిన కార్డులన్నీ చూసి, తప్పు చోట ఉన్నవాటిని మార్చేవారు. అప్పుడు కడ్డీ బయటికి తీసి, కార్డులను కిందికి దించి, మళ్లీ బిగించేవారు. పెద్ద గ్రంథాలయాల్లో ఇది ఏళ్ల తరబడి నడిచిన పద్ధతి.

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో గుమాస్తా పని ఎక్కడ ఆగి లైబ్రేరియన్ పని ఎక్కడ మొదలవుతుందో చెప్పమంటే, ఆ కడ్డీని చూపిస్తే సరిపోయేది. కార్డు పెట్టడం ఎవరైనా నేర్చుకోగలరు. అది సరైన చోటే ఉందని పూచీ పడటం వేరే సంగతి. లైబ్రేరియన్ హోదా గురించి నూరేళ్లకు పైగా సాగిన వాదనల్లో జీతం, ప్రొఫెసర్లతో సమానత్వం, అకడమిక్ కౌన్సిల్లో స్థానం లాంటివి ఎన్ని వచ్చినా, వాటన్నిటి కింద ఉన్నది నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నే.

ఆ నిర్ణయాలు ఎలాంటివో బయటివారికి తెలియదు. అందుకే కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

కార్డు కొలత ప్రపంచమంతా ఒకటే: ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తు, పన్నెండున్నర సెంటీమీటర్ల వెడల్పు. సొరుగును మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. నింపితే వేళ్లతో తిరగేయడానికి జాగా ఉండదు, అంచులు నలిగిపోతాయి, మధ్యలో రెండేసి కార్డులు కలిసిపోతాయి. సుమారు అంగుళానికొకటి చొప్పున తల పైకెత్తిన గైడ్ కార్డు ఉండాలి. ఇంతవరకూ చేతిపని. అసలు చిక్కు వరుసతో మొదలవుతుంది. అక్షరక్రమం తెలిస్తే చాలుననుకుంటారు కానీ, ఇంగ్లిష్ కార్డులను మాట మాటగా పేరిస్తే 'న్యూ యార్క్' ముందొస్తుంది, 'న్యూఆర్క్' వెనకొస్తుంది. అక్షరం అక్షరంగా పేరిస్తే ఈ రెండూ తారుమారవుతాయి. ఒకే గ్రంథాలయంలో ఇద్దరు రెండు రకాలుగా పేరిస్తే, ఉన్న పుస్తకానికే పాఠకుడు లేదన్న జవాబు తీసుకుని వెళ్లిపోతాడు. పాత నియమాల ప్రకారం 'ఎమ్‌సీ'తో మొదలయ్యే ఇంటిపేర్లన్నిటినీ 'మ్యాక్' అని పూర్తిగా రాసినట్టే భావించి పేర్చాలి. శీర్షిక అంకెతో మొదలైతే, ఆ అంకెను నోటితో పలికినప్పుడు వచ్చే మాట దగ్గర పెట్టాలి. మొదట వచ్చే 'ది', 'ఎ', 'యాన్' లెక్కలోకి రావు. ఇలాంటివి పదుల కొద్దీ ఉండేవి. వాటన్నిటినీ తలలో పెట్టుకున్న మనిషికే కడ్డీ తీసే అధికారం.

తెలుగు పేర్లు ఇంకో పరీక్ష. ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత. ఇంటిపేరు పొడి అక్షరంగా మారి చాలా పుస్తకాల మీద ఒక్క చుక్కతో మిగిలిపోతుంది. పాశ్చాత్య నియమాలు చివరి మాటను ఇంటిపేరుగా తీసుకోమంటాయి. అలా తీసుకుంటే సగం మంది రచయితలు 'రావు' కింద, మిగతా సగం 'రెడ్డి', 'శాస్త్రి' కింద చేరి కూర్చుంటారు. అందుకని ప్రతి రచయితకూ ఒక రూపాన్ని ఖాయం చేసి, దానికి అథారిటీ కార్డు రాసి, ఆయన పేరు కనిపించే మిగతా రూపాలన్నిటి దగ్గరా 'చూడుము' అనే కార్డు పెట్టాలి. ఆ రూపాన్ని ఖాయం చేయడానికి పుస్తకంలోని పేరు పేజీ ఒక్కటే చాలదు. పీఠిక, పాత ముద్రణలు, సంచికల్లో అచ్చయిన పేర్లు అన్నీ చూడాలి. ఒకే పేరున్న ఇద్దరిని విడదీయాలి, రెండు కలం పేర్లతో రాసిన ఒకరిని కలపాలి. ఇది పరిశోధన. దీనికి కింద సంతకం ఉండదు, అంతే తేడా.

వర్గీకరణకు వస్తే, వ్యవసాయ ఆర్థికశాస్త్రం మీద ఒక పుస్తకం వచ్చిందనుకోండి. విషయాన్ని బట్టి పుస్తకాలకు సంఖ్యలిచ్చే డ్యూయీ పద్ధతిలో 338.1 కింద పెడితే ఆర్థికశాస్త్రం పుస్తకాల మధ్య ఉంటుంది. 630 కింద పెడితే వ్యవసాయం పుస్తకాల మధ్యకు పోతుంది. పుస్తకం ఒకటే, అలమరా ఒకటే. ఒక విభాగం విద్యార్థులు దాన్ని రోజూ చూస్తారు, రెండో విభాగం వారికి కేటలాగులో వెతికితే తప్ప కనిపించదు. ఏ సంఖ్య ఇవ్వాలో పట్టికలు చాలావరకు చెబుతాయి. అవి చెప్పని చోట, ఆ విశ్వవిద్యాలయంలో ఏ విభాగం ఏం చదువుతోందో, రెండేళ్లలో ఏ కొత్త కోర్సు రాబోతోందో తెలిసినవారు చెప్పాలి. ఒకసారి చెప్పిన దాన్ని రాసిపెట్టాలి కూడా. రాసిపెట్టని గ్రంథాలయంలో కేటలాగర్ మారినప్పుడల్లా ఒకే విషయం రెండు సంఖ్యలుగా చీలిపోతుంది. పాతవి ఒక గదిలో, కొత్తవి ఇంకో గదిలో. తెలుగు సాహిత్యానికి డ్యూయీలో 894.827 అనే ఒక్క సంఖ్యే ఉంది. వేల పుస్తకాలు చేరే గ్రంథాలయంలో దాని తరవాత కవిత్వం, నాటకం, నవల అని విడదీయడంతో సరిపోదు. యుగాల్ని ఎక్కడ తెంచాలో స్థానికంగా ఒక పట్టిక వేసుకోవాలి, అది అందరికీ అందుబాటులో ఉండాలి.

ఒక్క పుస్తకానికి రచయిత కార్డు, శీర్షిక కార్డు, రెండో మూడో విషయ కార్డులు, గ్రంథమాలలో భాగమైతే దానికొకటి, వీటితో పాటు అలమరాలో పుస్తకాలు ఎలా ఉన్నాయో అదే వరుసలో ఉండే షెల్ఫ్ లిస్ట్ కార్డు. ప్రధాన కార్డు అడుగునో వెనకవైపో 'ట్రేసింగ్' రాయాలి. అంటే ఈ పుస్తకానికి ఇంకా ఏయే కార్డులు, ఏ శీర్షికల కింద పెట్టామన్న జాబితా. పుస్తకం పోయినా, చిరిగి తీసేసినా, సంఖ్య మార్చినా ఆ జాబితా పట్టుకుని ఒక్కో కార్డునూ వెతికి తీయాలి. ట్రేసింగ్ రాయడం మరిచిన చోట ఒకటో రెండో కార్డులు సొరుగులోనే మిగిలిపోయేవి. పదేళ్ల తరవాత ఏ పరిశోధక విద్యార్థో ఆ కార్డు చూసి చీటీ రాస్తే, లేని పుస్తకం కోసం మూడు అంతస్తులు వెతకాల్సి వచ్చేది. ఆ విద్యార్థి గ్రంథాలయాన్నే నమ్మడం మానేస్తాడు.

ఇంత పని చేసిన మనిషి విశ్వవిద్యాలయంలో ఎక్కడ నిలబడ్డాడు? చరిత్రలో ఈ జవాబు చాలాసార్లు మారింది.

ఆక్స్‌ఫర్డ్‌లో 1602లో తెరుచుకున్న బోడ్లియన్ గ్రంథాలయానికి తొలి లైబ్రేరియన్ థామస్ జేమ్స్. పండితుడు. 1605లో అచ్చయిన కేటలాగు ఆయన తయారు చేసిందే. అయినా ఏ పుస్తకం ఉండాలి, ఏది ఉండకూడదు అన్నది డబ్బు పెట్టిన థామస్ బోడ్లీ ఉత్తరాల్లో రాసి పంపేవాడు. నాటకాల పుస్తకాలు చేర్చవద్దని ఆయన పట్టుబట్టాడు. లైబ్రేరియన్‌కు పెళ్లి కాకూడదన్నది కూడా ఆయన షరతే, జేమ్స్ విషయంలో అయిష్టంగా సడలించాడు. తరవాతి శతాబ్దంలో గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ గోట్లోబ్ హైనె 1763 నుంచి 1812 వరకు గ్రంథాలయం నడిపాడు. ఆ గ్రంథాలయం యూరప్‌లో పేరు తెచ్చుకుంది. కానీ ఆయన ముందు ప్రాచీన సాహిత్యాల ప్రొఫెసర్, ఆ పైన లైబ్రేరియన్. గౌరవం మొదటి పదవిది. చాలాకాలం అన్నిచోట్లా ఇదే వాడుక: చదువుకున్న ప్రొఫెసర్ ఒకరు పై బాధ్యత చూస్తారు, కింద ఇద్దరో ముగ్గురో తాళాలు, రిజిస్టర్లు చూస్తారు. మధ్యలో వృత్తి అన్నది లేదు.

అది పందొమ్మిదో శతాబ్దం చివర్లో పుట్టింది. గొట్టింగెన్‌లోనే 1886లో కార్ల్ జియాట్స్‌కోకు గ్రంథాలయ శాస్త్ర ప్రొఫెసర్ పదవి ఇచ్చారు. 1893లో ప్రష్యా ప్రభుత్వం పరిశోధన గ్రంథాలయాల్లో ఉద్యోగానికి శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. జర్మనీలో పై స్థాయి లైబ్రేరియన్‌కు ఏదో ఒక శాస్త్రంలో లోతైన చదువు, దాని మీద వృత్తి శిక్షణ ఉండాలన్న ఆనవాయితీకి పునాది అక్కడ పడింది. అమెరికాలో దారి వేరు. 1876లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఏర్పడింది, డ్యూయీ వర్గీకరణ అచ్చయింది కూడా ఆ ఏడే. 1887 జనవరిలో కొలంబియాలో మెల్విల్ డ్యూయీ తెరిచిన పాఠశాలలో తొలి తరగతిలో ఉన్న 20 మందిలో 17 మంది స్త్రీలు. కాలేజీ పాలకులకు అది నచ్చలేదు, పాఠశాల 1889లో ఆల్బనీకి తరలిపోయింది. కార్డు మీద అక్షరాలు విడివిడిగా, అందరివీ ఒకేలా కనిపించేలా రాసే 'లైబ్రరీ హ్యాండ్' అప్పటి లైబ్రరీ శిక్షణలో భాగం. స్త్రీలు ఎక్కువగా చేరిన వృత్తి కాబట్టి జీతం తక్కువైనా ఫరవాలేదన్న ధోరణి విశ్వవిద్యాలయాల్లో చాలాకాలం నిలిచిపోయింది. లైబ్రేరియన్ హోదా గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతిని పక్కన పెట్టడం న్యాయం కాదు.

అమెరికాలో గ్రంథాలయ శిక్షణ మీద 1923లో చార్లెస్ విలియమ్సన్ ఇచ్చిన నివేదిక గుమాస్తా పనినీ వృత్తి పనినీ కచ్చితంగా విడదీయమంది. వృత్తి పనికి డిగ్రీ మీద విశ్వవిద్యాలయ శిక్షణ కావాలంది. కడ్డీ దగ్గర ఉన్న గీతను కాగితం మీద గీసింది ఆయనేనని అనవచ్చు. మద్రాసు విశ్వవిద్యాలయంలో 1924 జనవరిలో లైబ్రేరియన్‌గా చేరిన ఎస్.ఆర్. రంగనాథన్ అంతకుముందు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పినవారు. చేరిన కొత్తలో పని తోచక తిరిగి పాఠాలకు వెళ్లిపోతానన్నారు. ముందు లండన్ వెళ్లి చదివి రండి, అప్పటికీ ఇష్టం లేకపోతే చూద్దామన్నారు విశ్వవిద్యాలయం వాళ్లు. ఆయన 1925లో తిరిగొచ్చి ఇంక కదల్లేదు. 1931లో గ్రంథాలయ శాస్త్రపు ఐదు సూత్రాలు, 1933లో కోలన్ వర్గీకరణ, 1934లో కేటలాగు నియమావళి వచ్చాయి. విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ రోజువారీ పనిలోంచి సిద్ధాంతం పుట్టగలదని చూపించింది ఆ పదేళ్లే. 1957లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ వేసిన గ్రంథాలయ సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. లైబ్రరీ సిబ్బందికి అధ్యాపకులతో సమానమైన హోదా, జీతం ఉండాలని ఆ సంఘం చెప్పింది. లైబ్రరీ సైన్స్‌లో ఈ దేశంలో తొలి డాక్టరేట్ డి.బి. కృష్ణారావుగారికి ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది కూడా 1957లోనే.

అమెరికాలో కాలేజీ, పరిశోధన గ్రంథాలయాల సంఘం 1971లో లైబ్రేరియన్లకు అధ్యాపక హోదా ప్రమాణాలు ఆమోదించింది. పదోన్నతిని తోటివారే పరిశీలించాలి, ఉద్యోగ భద్రత ఉండాలి, పరిశోధనకు సెలవు, నిధులు అందాలి, విశ్వవిద్యాలయ పాలనలో పాలు ఉండాలి. అన్నీ సరైనవే. అవి అమలైన చోట్ల ఒక చిక్కు మాత్రం బయటపడింది. అధ్యాపకుడి ఒప్పందం సాధారణంగా తొమ్మిది నెలలది, లైబ్రేరియన్‌ది పన్నెండు నెలలది. వారమంతా డెస్క్ దగ్గర కూర్చోబెట్టి, ఏడాది చివర ప్రచురణలు ఎన్ని అని అడిగితే ఆ సమానత్వం శిక్షలా మారుతుంది. హోదా అడిగేటప్పుడే పని గంటల్లో పరిశోధనకు ఇన్ని అని రాతలో తీసుకోవాలి. తరవాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

భారతదేశంలో యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ లైబ్రేరియన్‌కు 55 శాతం మార్కులతో లైబ్రరీ సైన్స్‌లో మాస్టర్స్ డిగ్రీ, దానితో పాటు సాధారణంగా నెట్ అర్హత కావాలి. విశ్వవిద్యాలయ లైబ్రేరియన్‌కు పదేళ్ల అనుభవం, పీహెచ్‌డీ, కొత్త సేవలు ప్రవేశపెట్టిన ఆధారాలు కావాలి. కాగితం మీద ఇది ప్రొఫెసర్ స్థాయి. అదే దేశంలో ప్రభుత్వ ఆర్థిక నిబంధనల్లో పుస్తకాల నష్టం గురించి ఒక లెక్క ఉంది: ఏడాదిలో ఇచ్చిన, సంప్రదించిన ప్రతి వెయ్యి సంపుటాలకు ఐదు పోతే సహజ నష్టంగా తీసుకోవచ్చు, అందులో నిర్లక్ష్యం గానీ మోసం గానీ లేకపోతే. ఈ నిబంధన లైబ్రేరియన్‌ను కాపాడటానికే ఉంది. దీన్ని చదవని ఆడిట్ అధికారి మాత్రం పోయిన ప్రతి పుస్తకం ధరా లైబ్రేరియన్ జీతంలో కోయమని రాస్తాడు. ఆ భయం పట్టిన చోట అలమరాలకు తాళాలు పడతాయి. పాఠకుడు చేత్తో పుస్తకం తీసుకునే వీలు పోతుంది. స్టాక్ వెరిఫికేషన్ మొదలుపెట్టే ముందే ఆ నిబంధన ప్రతినీ, ఏడాది పొడవునా ఇచ్చిన పుస్తకాల లెక్కనూ ఫైల్లో పెట్టి ఉంచడం మంచి అలవాటు. లెక్క లేకపోతే వెయ్యికి ఐదు అన్నది దేనిలో ఐదో చెప్పలేం. గ్రంథాలయం లోపల చదివి బల్ల మీద వదిలినవి కూడా అందులోకి వస్తాయి కాబట్టి వాటినీ రోజూ లెక్కపెట్టాలి.

పత్రికల విభాగం గురించి ఎవరూ అంతగా రాయరు. విశ్వవిద్యాలయ గ్రంథాలయం బాగోగులు తెలుసుకోవాలంటే నేనైతే ముందు అక్కడికే వెళ్లమంటాను. కార్డెక్స్ బీరువాలో ఒక్కో పత్రికకు ఒక్కో కార్డు, నెలలకు గళ్లు. సంచిక రాగానే గడిలో తేదీ వేయాలి. జూన్ సంచిక వచ్చింది, మే గడి ఖాళీగా ఉంది అని ఆ రోజే కళ్లకు తగలాలి, ఆ వారమే రాని సంచిక కోసం ఉత్తరం పోవాలి. ప్రచురణకర్తలు గడువు దాటాక అడిగితే ఉచితంగా పంపరు, ఒక్కోసారి డబ్బిచ్చినా దొరకదు. ఏడాది నిండాక బైండింగ్. సంపుటికి పేరు పేజీ, సూచిక వచ్చే వరకు ఆగాలి. అవి తరచూ తరవాతి ఏడాది మొదటి సంచికతో వస్తాయి. ఆగకుండా కుట్టిస్తే సూచిక లేని సంపుటి మిగులుతుంది. లోపలి అంచు సన్నగా ఉన్న పత్రికను పక్క నుంచి గట్టిగా కుడితే అక్షరాలు వెన్నులోకి పోతాయి, ఫొటోకాపీ తీయబోతే వెన్ను విరుగుతుంది. సంచిక లోపిస్తే ఎంత కాలం ఆగాలి, ఖాళీ ఉంచి కుట్టాలా అన్నది తేల్చుకోవాలి. పత్రిక పేరు మారితే పాత పేరు కింద కొనసాగించాలా, కొత్త పేరుకు వేరే కార్డు రాసి రెంటినీ ముడిపెట్టాలా అన్నది ఇంకొకటి. రెండోదే సరైనదని అనుభవం చెప్పింది, ఎందుకంటే పరిశోధకుడి చేతిలో ఉన్న ఉల్లేఖనలో ఆనాటి పేరే ఉంటుంది.

పత్రికల చందాలు ఏటేటా పెరిగి పుస్తకాల డబ్బును మింగేస్తున్న కాలంలో ఏది మానేయాలన్న నిర్ణయం లైబ్రేరియన్ మీద పడింది. అప్పుడు వాడకాన్ని కొలిచిన పద్ధతి తిరిగి సర్దే లెక్క. బల్ల మీద వదిలిన సంచికలను సర్దేముందు ఒక్కోదానికి ఒక్కో గీత. చదివినవాళ్లు మర్యాదగా తామే తిరిగి పెట్టేస్తే ఆ గీత పడదు. అందుకే 'దయచేసి బల్ల మీదే వదిలేయండి' అన్న బోర్డులు వెలిశాయి. సెలవుల నెలలు కలపకుండా మూడు నెలలే కొలిచి తేల్చినవాళ్లూ, సెలవుల్లోనే కొలిచినవాళ్లూ తప్పుడు లెక్కలతో మంచి పత్రికలు పోగొట్టారు. కనీసం ఒక పూర్తి విద్యా సంవత్సరం కొలవాలి. తక్కువమంది చదివినా ఒక విభాగానికి అదొక్కటే ఆధారమైన పత్రికను జాబితా లోంచి ముందే పక్కకు తీసిపెట్టాలి. ఈ రోజు ఈ పనిని, ఎలక్ట్రానిక్ పత్రికల వాడకాన్ని లెక్కపెట్టే 'కౌంటర్' (COUNTER) అనే ప్రమాణం ప్రకారం వచ్చే నివేదికలు చేస్తాయి. అక్కడా చిక్కే. ఎవరైనా ఉచితంగా చదవగల వ్యాసాల వాడకాన్ని కూడా కలిపిన సంఖ్యతో చందాను భాగిస్తే ఒక్కో వాడకానికి పడే ఖర్చు తక్కువగా కనిపిస్తుంది. వాటిని తీసేసిన నివేదికతోనే లెక్క వేయాలి.

రిఫరెన్స్ డెస్క్ మీద ఒక్క మాట. అడిగే ప్రశ్న మనిషికి కావలసిన ప్రశ్న కాదని ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివారికీ తెలుసు. 'చరిత్ర పుస్తకాలెక్కడ' అని అడిగిన విద్యార్థికి వేలు చూపించడం సులువు. 'దేని మీద చూస్తున్నారు, ఇప్పటిదాకా ఏం చూశారు' అని రెండు మాటలడిగితే అతనికి కావలసింది ఒక ఫలానా సంవత్సరపు జనాభా లెక్కలని తేలుతుంది. అవును-కాదు అని జవాబు వచ్చే ప్రశ్న మొదట వేయకూడదు. దొరికింది చేతికిచ్చాక 'మీరు వెతికింది ఇదేనా' అని తప్పక అడగాలి. చాలామంది మొహమాటంతో సరేనని వెళ్లిపోతారు.

ఇవన్నీ క్రమంగా చేతులు మారాయి. అది కంప్యూటర్‌తో మొదలైన మార్పు కాదు. 1901 నుంచే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అచ్చు కార్డులు అమ్మింది. 1971లో ఒహాయోలో ఓసీఎల్‌సీ అనే సహకార సంస్థ ద్వారా గ్రంథాలయాలు ఒకే కంప్యూటర్ రికార్డును పంచుకోవడం మొదలైంది. ఒకరు చేసిన కేటలాగును వేలమంది వాడుకోవచ్చు. ఎంతో శ్రమ తగ్గింది, అందుకు సంతోషించాల్సిందే. ఓసీఎల్‌సీ చివరి కార్డులు అచ్చువేసింది 2015 అక్టోబరులో. తెచ్చుకున్న రికార్డును చూడకుండా దించేసుకునే అలవాటు మాత్రం హోదాకు చేటు చేసింది. పాలకులు 'రికార్డులు బయటి నుంచే వస్తున్నాయిగా, మాస్టర్స్ చదివిన మనిషెందుకు' అన్నారు. ఆ ఖాళీ పోస్టులు చాలాచోట్ల మళ్లీ నిండలేదు.

నిజానికి నిర్ణయాలు ఎక్కడికీ పోలేదు, చిన్న అంకెల్లో దాక్కున్నాయి. కేటలాగు వివరాలను కంప్యూటర్ చదివేలా రాసే మార్క్ (MARC) రికార్డులో శీర్షిక ఉండే 245 క్షేత్రానికి రెండో సూచిక ఒకటుంటుంది. వరుస పెట్టేటప్పుడు మొదటి ఎన్ని అక్షరాలు వదిలేయాలో అది చెబుతుంది. ఇంగ్లిష్ శీర్షిక 'ది'తో మొదలైతే మూడు అక్షరాలు, ఒక ఖాళీ కలిపి అక్కడ 4 ఉండాలి. 0 ఉంటే ఆ పుస్తకం 'టి' అక్షరంలోకి వెళ్లి కూర్చుంటుంది. సొరుగులో తప్పు పెట్టిన కార్డుకీ దీనికీ తేడా లేదు. పేర్ల అథారిటీ రికార్డులు ఇంకా పెద్ద సంగతి: ఒకే ఆదేశంతో వేల రికార్డుల్లో పేరు మారుతుంది. ఒకే పేరున్న ఇద్దరు రచయితలు ఆ ఆదేశంతో ఒకరైపోతే విడదీయడానికి వారాలు పడుతుంది. అందుకే బయటి నుంచి వచ్చిన రికార్డుల గుత్తిని నేరుగా దించకుండా ముందు వేరే చోట ఆపాలి. వరుసగా కాకుండా అక్కడక్కడ కొన్ని తీసి చూడాలి. పేర్లు, వర్గ సంఖ్యలు స్థానిక పట్టికతో సరిపోయాయో లేదో పోల్చాలి. తరవాతే లోపలికి రానివ్వాలి. ఆ అనుమతి ఎవరి పేరుతో ఉందో సాఫ్ట్‌వేర్‌లోని అధికారాల జాబితా చూస్తే తెలుస్తుంది. చాలాచోట్ల అది కంప్యూటర్ విభాగం పేరుతో ఉంది. లైబ్రేరియన్ అడిగి తీసుకోవలసిన మొదటి అధికారం అదే.

పదోన్నతి ఫైలు తయారు చేసుకునే యువ లైబ్రేరియన్లు తమ పనిని 'కేటలాగింగ్ చేశాను' అని ఒక్క మాటలో రాస్తున్నారు. ఎంపిక సంఘంలో కూర్చున్న రసాయనశాస్త్రం ప్రొఫెసర్‌కు ఆ మాట ఏమీ చెప్పదు. బయట ఎక్కడా రికార్డు లేక మొదటిసారి తామే తయారు చేసినవి ఎన్ని, ఖాయం చేసిన పేర్లు ఎన్ని, ఏ వర్గ సంఖ్యల మీద స్థానిక నిర్ణయం తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, ఏ పత్రికలు మానేశారు, దానికి ముందు ఏ విభాగాలతో మాట్లాడారు అన్నవి తేదీలతో రాయాలి. నిర్ణయం తీసుకున్న రోజే ఒక పేరా రాసి పెట్టుకుంటే ఇది కష్టం కాదు. ఐదేళ్ల తరవాత గుర్తు తెచ్చుకుని రాయబోతే సంఖ్యలు మిగులుతాయి, కారణాలు మిగలవు.

ఇక ఇప్పుడు గ్రంథాలయ నిధుల్లో పెద్ద ముద్ద పోయేది ఎలక్ట్రానిక్ ఒప్పందాలకు. అక్కడ హోదా అంటే ఒప్పందం ముసాయిదా మొదట ఎవరి బల్ల మీదికి వస్తుందన్నదే. కొనుగోలు విభాగం ధర చూస్తుంది, చెల్లింపు తేదీ చూస్తుంది. చందా ఆగిపోయాక పాత సంవత్సరాల సంచికలు చదివే హక్కు ఉంటుందా, ఏటా పెంపుకు పైహద్దు ఉందా, ఇంకో గ్రంథాలయానికి వ్యాసం పంపవచ్చా, యంత్రంతో పాఠ్యాన్ని విశ్లేషించడానికి పరిశోధకులకు అనుమతి ఉందా, బయటి పాఠకుడు వచ్చి గ్రంథాలయంలోని కంప్యూటర్ ముందు కూర్చుంటే చదవవచ్చా అన్నవి చూసేది లైబ్రేరియన్ ఒక్కరే. ధర బయటికి చెప్పకూడదన్న షరతు ఉంటే దాన్ని కొట్టేయమని అడగాలి, లేకపోతే పక్క విశ్వవిద్యాలయం అదే సరుకుకు ఎంతిచ్చిందో ఎన్నటికీ తెలియదు. ఇవన్నీ సంతకం అయ్యాక అడిగితే లాభం లేదు. పునరుద్ధరణ తేదీకి కనీసం ఆరు నెలల ముందు ముసాయిదా తెప్పించుకుని, అభ్యంతరాలు రాతపూర్వకంగా పంపి, వాటికి వచ్చిన జవాబులను ఒప్పందంతో పాటు అదే ఫైల్లో ఉంచాలి.